తొడిమ దగ్గర వాసన

హోసూరులో ఫ్లెక్సు బోర్డులు, మైకు ప్రకటనలు చేసిపెట్టడం నా బతుకుతెరువు. చేసినవాటిలో చాలా బోర్డులు మరిచిపోయాను. మా మామ మామిడికాయల కొట్టుకు చేసిన బోర్డును మాత్రం మరిచిపోలేను. ఆ కొట్టు పేరు చెడగొట్టింది నేనే.

మామకు శూలగిరి అవతల మూడెకరాల తోట ఉంది. చెట్లన్నీ దాదాపు బెంగళూరావే. ఆంధ్ర వైపు తోతాపురి అంటారే, కొన చిలకముక్కులా వంగిన కాయ, అదే. కృష్ణగిరి జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీలకు ప్రధానమైన కాయ ఇదే. ఒక ఏడు ఫ్యాక్టరీ ధర మరీ పడిపోయింది. కోత కూలికి కూడా గిట్టదని, మామ హైవే పక్కన కొబ్బరాకుల పందిరి వేసుకుని కూర్చున్నాడు. “బోర్డు బాగా చెయ్యప్పా, కార్లు ఆగాల” అన్నాడు.

ఇంటర్నెట్‌లో వెతికి ఒక బొమ్మ తీశాను. బంగారు రంగు పండు, భుజాన ఎర్రటి చాయ, పైన నీటిబొట్లు. అది కొంకణం ఆల్ఫాన్సో అని నాకు తెలుసు. తెలిసే వేశాను. కార్లు ఆగాయి. దిగినవాళ్ళు బోర్డు వైపు చూసి, కుప్ప వైపు చూసి, సగంమంది మళ్ళీ కారెక్కేవాళ్ళు.

అక్కడైనా నా తప్పు నాకు తెలిసిరావాల్సింది. నేను ఇంకోలా ఆలోచించాను. కంటితో పని కాకపోతే ముక్కుతో పట్టుకోవాలి అనుకున్నాను.

ఆ ఆలోచనకు ఒక మూలం ఉంది. టైటన్ గడియారాల ఫ్యాక్టరీ మా హోసూరులోనే. నా చిన్నప్పుడు టీవీలో ఆ గడియారాల ప్రకటన బాణీ వస్తే వంటింట్లో ఉన్న మా అమ్మ తెర చూడకుండానే “టైటన్” అనేది. ఆ బాణీ మొజార్ట్ 1773లో కూర్చిన 25వ సింఫనీలోదని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అయినా నాలుగు స్వరాలు వినపడితే చాలు, మంచి గడియారం కళ్ళముందు కదిలేది. చెవిని పట్టుకుంటే మనిషిని పట్టుకున్నట్టే అని నేను అందులోంచి నేర్చుకున్నాను. ఆ బాణీని నమ్మినవాళ్ళు చేతికి గడియారం కట్టుకుంటే అది సరిగ్గా నడిచింది కూడా. పాఠంలోని ఆ సగం నా తలకెక్కలేదు.

ఐస్‌క్రీము సరుకులమ్మే అంగడిలో మామిడి ఎసెన్సు సీసా కొన్నాను. పొద్దున్నే బకెట్టు నీళ్ళలో నాలుగు మూతలు కలిపి, కాయల కింద పరిచిన గోనెపట్టల మీద చల్లాను. మామ ముక్కు ఎగబీల్చి “ఇదేందిరా?” అన్నాడు. “వ్యాపారంలో ఇవన్నీ ఉంటాయి మామా” అన్నాను. ఆయన మారు మాట్లాడలేదు. నాలుగు రోజులు అమ్మకం జోరుగా సాగింది.

ఐదో రోజు ఒక అవ్వ కారు దిగింది. కాయ తీసి, కొంగుతో తుడిచి, తొడిమ ఊడిన చోట ముక్కు ఆనించి కళ్ళు మూసుకుంది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసింది, తర్వాత ఇంకోటి. చివరికి వంగి గోనెపట్ట అంచు ఎత్తి వాసన చూసింది. “కాయికి లేని వాసన గోనెపట్టకి ఎట్లొచ్చె నాయనా?” అని మామను అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగింది. మామ తల దించుకున్నాడు. ఆయన తల దించుకోవడం నేను చూడ్డం అదే మొదలు. అవ్వ కాయలు తీసుకోకుండా వెళ్ళిపోయింది.

సాయంత్రం, అంతకుముందు కొన్నవాళ్ళు ఇద్దరు కోసిన కాయలతో తిరిగొచ్చారు. “వాసన ఒకటి, రుచి ఒకటి” అన్నారు. ఆ ముక్క నేనూ తిన్నాను. మంచి కాయ. మరోచోట తినుంటే వాళ్ళూ మెచ్చుకునేవాళ్ళే.

మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ పాలు వాసనే. నమిలేటప్పుడు ముక్కలోని పరిమళం గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కుతుంది. జలుబు చేసినప్పుడు పప్పు చప్పగా ఉండేది అందుకే. బెంగళూరాకు పరిమళం సహజంగానే తక్కువ. నేను చల్లిన ఘాటుకు అలవాటుపడి, అదే వస్తుందని ఎదురుచూసే ముక్కుకు ఆ కాస్త పరిమళం అసలు లేనట్టే అనిపించింది. మామ ఏడాదంతా నీళ్ళు పెట్టి పెంచిన కాయను నేను చప్పన చేశాను. కార్బైడుతో మగ్గబెట్టినవాడు కంటికి చేసే మోసమే నేను ముక్కుకు చేశాను. కార్బైడును చట్టం నిషేధించింది. నా చేతిలో సీసాను ఆపినవాళ్ళు లేరు.

తర్వాత ఆరాధ్నా కృష్ణ పరిశోధన గురించి చదివాను. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలు. రయన్ ఎల్డర్‌తో కలిసి 2010లో అచ్చువేసిన అధ్యయనంలో, తినుబండారం ప్రకటన రుచి ఒక్కటే చెప్పినప్పటికంటే వాసన, స్పర్శ, చప్పుడు లాంటివి కూడా తలపించినప్పుడు, తిన్నవాళ్ళకు అదే వస్తువు ఎక్కువ రుచిగా తోచిందని తేల్చారు. అంటే నాలుక కాయను కలవకముందే మాట దాన్ని కలుస్తోంది. అంత బలమున్న మాటను నేను అబద్ధానికి వాడాను.

బెంగళూరా బలం దాని కరకరలో ఉంది, పులుపుతో కలిసిన తీపిలో ఉంది. మా బస్టాండ్లలో బండివాళ్ళు దోరకాయను పూరేకుల్లా చీల్చి ఉప్పూకారం అద్ది అమ్ముతారు. కత్తి దిగే చప్పుడుకే నోరూరుతుంది. మరుసటేడు సీసా లేదు, ఇంటర్నెట్టు బొమ్మా లేదు. మామ చెట్టు కాయనే, మామ అరచేతిలో పెట్టించి ఫోటో తీశాను. పైన తమిళంలో, కింద తెలుగులో రాశాను: “కొరికితే కరకర. ఉప్పూకారం అద్దితే పుల్లతీపి. కోసిస్తాం, తిని కొనండి.” పందిట్లో కత్తిపీట ముందుకు జరిపాం.

ఆగే కార్లు ఏమీ పెరగలేదు. ఆగినవాళ్ళలో వట్టి చేతులతో పోయినవాళ్ళు మాత్రం తక్కువ. అవ్వ మళ్ళీ రాలేదు.

కాయల కాలంలో మా దారిన వెళ్తే బోర్డు చూసే ఆగండి. సెందూరం రకం మామిడి అయితే తొడిమ దగ్గర వాసన చూడండి. బెంగళూరా అయితే ఒక ముక్క కోసిమ్మని అడగండి. కోసివ్వనన్న చోట కొనకండి.