డాలస్ నుంచి హ్యూస్టన్‌కి నాలుగు ఆల్బమ్‌ల దూరం

డాలస్ నుంచి హ్యూస్టన్‌కి ఐ-45 మీద దాదాపు 385 కిలోమీటర్లు. ఎక్కడా ఎక్కువసేపు ఆగకపోతే మూడున్నర గంటలు. 2024 ఏప్రిల్ చివర్లో బయల్దేరేముందు ఫోన్‌లో నాలుగు కొత్త ఆల్బమ్‌లు డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నా. అన్నీ నెలన్నర లోపు వచ్చినవే, అందరూ టెక్సాస్‌లో పెరిగినవాళ్లే. మొత్తం కలిపితే రోడ్డుకి సరిగ్గా సరిపోయే నిడివి!

వీసా లాటరీలో మూడోసారి కూడా నా పేరు రాలేదు. జులైలో ఇంటికి ప్రయాణం. ఐదేళ్లున్న రాష్ట్రాన్ని వెళ్లేలోపు ఒకసారి చెవులారా వినాలనిపించింది. స్టీరింగ్ మా రూమ్మేట్‌ది, కరీంనగర్ పిల్లాడు. పాటలు నా డిపార్ట్‌మెంట్.

డాలస్ ట్రాఫిక్‌లో సెయింట్ విన్సెంట్ 'ఆల్ బార్న్ స్క్రీమింగ్' పెట్టా. ఆమె ఈ ఊళ్లోనే పెరిగింది. గిటార్లు రంపంలా కోస్తాయి, కొన్ని పాటలకి డ్రమ్స్ డేవ్ గ్రోల్. ఫ్లైఓవర్ల కింద బాగుంది కానీ, పొద్దున్నే ఎనిమిదింటికి వినే సరుకు కాదు. వాడు రెండుసార్లు వాల్యూమ్ తగ్గించాడు.

ఎన్నిస్ దాటాక రెండు వైపులా పచ్చిక, ఆవులు. బ్లూబానెట్ పూలు చాలావరకు రాలిపోయాయి. అక్కడ కేసీ మస్‌గ్రేవ్స్ 'డీపర్ వెల్'. తూర్పు టెక్సాస్‌లో గోల్డెన్ అనే చిన్న పల్లె ఆమెది. మెత్తగా, తీరిగ్గా పాడుతుంది. మరీ మెత్తన... సగంలో నాకు కునుకు పట్టింది.

అసలు కథ 'కౌబాయ్ కార్టర్'. 27 ట్రాకులు, 78 నిమిషాలు. ఓ ఐదారు కోసేసినా నష్టం లేదని ఇప్పటికీ అంటా. కానీ ఆ రోడ్డు మీద, ఆ ఎండలో వింటే వేరే సంగతి. బియాన్సే హ్యూస్టన్ అమ్మాయి. 2016లో కంట్రీ మ్యూజిక్ అవార్డుల స్టేజీ ఎక్కితే, 'ఈమెకి ఇక్కడేం పని?' అన్నవాళ్లు బోలెడుమంది. ఎనిమిదేళ్లకి అదే కంట్రీ చార్టులో నంబర్ వన్‌కి చేరిన మొదటి నల్లజాతి మహిళ అయింది. 1969లోనే గ్రాండ్ ఓల్ ఆప్రీలో పాడిన లిండా మార్టెల్‌ని పిలిచి ఈ ఆల్బమ్‌లో మాట్లాడించింది. ఆమె పేరు నేను అంతకుముందు విననే లేదు.

బాంజో మొదలవగానే మావాడు, "గిది మన కిన్నెర లెక్కనే ఉన్నది గదరా!" అన్నాడు. నవ్వాను గానీ, వాడు అన్నది మరీ తీసిపారేసేది కాదు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు ఎండిన బుర్రలతో చేసుకున్న వాయిద్యమే బాంజోకి మూలం. కిన్నెరకీ ఎండిన సొరకాయ బుర్రలే. మొగులయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చేదాకా దాన్ని మన సిటీల్లో ఎంతమంది పట్టించుకున్నారు?

"ఇంతకీ మీది ఏ ఊరు? అంటే అసలు ఊరు?" ఐదేళ్లలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అద్దె ఇక్కడే కట్టా, ట్యాక్సూ ఇక్కడే కట్టా. ఇక్కడే పుట్టి పెరిగిన ఆమెకే 'నీకేం పని' తప్పలేదంటే, ఇక నాకెందుకు తప్పుతుంది? హంట్స్‌విల్ దగ్గర చెట్ల మీంచి 67 అడుగుల తెల్లటి శామ్ హ్యూస్టన్ విగ్రహం కనిపించేసరికి ఆల్బమ్ చివరికొచ్చింది. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడుకోలేదు.

హ్యూస్టన్ బిల్డింగులు కనపడగానే క్రువాంగ్‌బిన్ 'ఎ లా సాలా'. పేరు థాయ్ భాషలో విమానం, టైటిల్ స్పానిష్, వాళ్లది ఈ ఊరు. ఎక్కడివాళ్లని అడుగుతారు వీళ్లని? మాటలు తక్కువ, బేస్ గిటార్ చల్లగా నడుస్తూ ఉంటుంది. అమీర్‌పేట హాస్టల్ మిద్దె మీద రాత్రి పదకొండింటికి వినాల్సిన మ్యూజిక్. నాతోపాటు ఇంటికొచ్చేది ఇదే.

డౌన్‌టౌన్‌లో సెయింట్ జాన్స్ చర్చి ఎదురుగా బండి పక్కకి ఆపించా. చిన్నప్పుడు బియాన్సే పాడింది ఇక్కడే. క్రువాంగ్‌బిన్ గిటారిస్టు మార్క్ స్పియర్, డ్రమ్మర్ డీజే జాన్సన్ కలుసుకున్నదీ ఈ చర్చి బ్యాండ్‌లోనే.

"ఆకలైతుందిరా, హిల్‌క్రాఫ్ట్ పోయి దోసె తిందాం" అన్నాడు వాడు.

ఇంకా రెండు పాటలున్నాయి. ఏసీ ఆపొద్దన్నా.