మంచు పడింది... రాలేను!

‘కుడివైపు తిరిగి మూడున్నర మైళ్లు వెళ్లండి’ అంది ఫోను.

కుడివైపు చూశాం. ఇనుప గేటు. దానికి తాళం. గేటు అవతల రోడ్డు ఉండాల్సిన చోట మోకాలిలోతు మంచు. ఫోను మాత్రం తగ్గలేదు. మళ్లీ అదే మాట... ‘కుడివైపు తిరగండి’!

నిరుడు జనవరి సంగతిది. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, వైట్ మౌంటెన్స్ అనే కొండల నడుమ, 302 నంబరు రహదారి మీద ఉన్నాం నేనూ అన్నయ్యా. అన్నయ్య బోస్టన్ దగ్గర ఉంటాడు. నేను వాళ్లింటికి వెళ్లడం అదే మొదటిసారి. ‘అత్తకి మంచుకొండలు చూపించు నాన్నా’ అని పోరింది మేనల్లుడు. తీరా బయల్దేరే రోజున వాడికే జలుబు చేసింది. వాణ్ని చూసుకుంటూ వదినా ఆగిపోయింది. అలా రెండున్నర గంటల ప్రయాణానికి మేమిద్దరమే మిగిలాం.

నిజం చెప్పొద్దూ... అన్నయ్యతో ఒక్కదాన్నే అంతసేపు కూర్చోవాలంటే నాకు కొంచెం జంకుగానే ఉంది. దాదాపు పదేళ్లుగా మా మధ్య ఒక మాట మిగిలిపోయి ఉంది మరి.

ఆ ఒక్క మాట

2015 ఫిబ్రవరి 9న తెనాలిలో మా నాన్న పోయాడు. తెల్లవారుజామున గుండెనొప్పి. ఆసుపత్రికి తీసుకెళ్లే లోపే అయిపోయింది. అన్నయ్యకి ఫోన్ చేశాం. అటునుంచి చాలాసేపు ఏడుపు. తర్వాత ఒకటే మాట... ‘ఇక్కడ మంచు పడుతోందమ్మా. విమానాలు లేవు. రాలేను.’

ఆ మాట చావింట్లో ఎలా వినపడిందో చెప్పలేను. మాకు తెలిసిన మంచు ఏమిటి? ధనుర్మాసంలో ముగ్గుల మీద కురిసేది. గడ్డివాముల మీద తెల్లగా కనిపించేది. పొద్దున ఎనిమిదింటికల్లా విడిపోయేది. తెలుగులో అన్నిటికీ ఒకటే మాట కదా! పొగలా కమ్మేదీ మంచే, ఆకు మీద నిలిచేదీ మంచే, అక్కడ ఇళ్లను కప్పేసేదీ మంచే. ‘మంచు పడితే కొడుకు రాకపోవడమేంటి?’ అన్నాడు బాబాయి. ఆ మాట అరుగు మీది నుంచి వీధంతా పాకింది.

ఒక రోజు ఆగాం. ఇక ఆగలేక బాబాయి కొడుకు చేత తలకొరివి పెట్టించాం. అన్నయ్య నాలుగో రోజున వచ్చాడు. అస్థికలు కలపడానికి మాత్రం అందాడు. నేను వాణ్ని ఒక్క మాట అనలేదు. అసలు బాధంతా అక్కడే ఉంది. అని ఉంటే అప్పుడే తీరిపోయేది. ‘మనసుంటే రాకపోతాడా’ అని లోపల అనుకుంటూ, పైకి పండక్కీ పుట్టినరోజుకీ ఫోన్లు చేస్తూ ఇన్నేళ్లు గడిపేశాను.

నాగలి కాదు, ప్లౌ

మళ్లీ గేటు దగ్గరికొస్తాను. ఆ గేటు అవతలిది జీలాండ్ రోడ్డు. వేసవిలో అన్నయ్యా వాళ్లూ దాని మీద కారులో చివరిదాకా వెళ్లి, అక్కడినుంచి జీలాండ్ జలపాతం దగ్గరున్న బసకు 2.8 మైళ్లు నడిచి వచ్చారట. చలికాలంలో అటవీశాఖ ఆ రోడ్డు మూసేస్తుంది. మంచు తీయదు. ఒక్క జీలాండే కాదు, ఆ కొండల్లో ఇలాంటి లోపలి రోడ్లు చాలావాటి సంగతి అంతే. పెద్ద రహదారుల మీద ఎప్పటికప్పుడు మంచు తీస్తారు. కొండదారులు మొదలయ్యే చోట కార్లు పెట్టుకునే స్థలాల్లో మాత్రం కొన్నింటికే ఆ భాగ్యం. నడక దారి ఎంత బాగున్నా, ముందు కారు పెట్టుకునే జాగా దొరకాలి. వేసవి పటాన్ని నమ్ముకుని వెళ్తే మాలాగే గేటు ముందు నిలబడాలి!

‘ఇక్కడే పక్కన పెట్టేద్దాం’ అంటూ అన్నయ్య కారును రోడ్డు వారకు తీశాడు. దిగామో లేదో, వెనక నుంచి పసుపు దీపాలు తిప్పుకుంటూ పెద్ద లారీ. ముందు భాగాన వంపు తిరిగిన ఇనుప రేకు. దాన్నే అక్కడ ప్లౌ అంటారు. ప్లౌ అంటే నాగలి అనే కదా మనం బళ్లో చదువుకున్నాం! మా నాన్న నాగలి నేలను చీల్చేది. ఇది మంచును గీకి పక్కకు నెడుతుంది. ఆ నెట్టింది రోడ్డు వారన నడుమెత్తు గట్టులా పేరుకుంటుంది.

లారీ ఆగింది. డ్రైవరు అద్దం దించి, కోప్పడకుండానే చెప్పాడు. ఇక్కడ కారు పెడితే తాను ఈ వార తీయలేడనీ, మళ్లీ మంచు పడితే కారును తానే పూడ్చేయాల్సి వస్తుందనీ. చలికాలానికి వేరే స్థలం ఉందట. రోడ్డుకు అవతలివైపు, ఇంకాస్త ముందుకు.

వెళ్లాం. స్థలం ఉంది. కానీ రాత్రి పడ్డ మంచు ఇంకా తీయలేదు. ముందు రహదారులు, ఆ తర్వాతే ఇలాంటివి. ‘పర్లేదు, పడుతుంది’ అని అన్నయ్య లోపలికి పోనిచ్చాడు. కారు రెండు నిడివులు వెళ్లి కూరుకుపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయి. ఫోనులో సిగ్నల్ లేదు.

నాన్న ఎత్తు

కారు డిక్కీలో పార ఉంది. బోస్టన్‌లో అది లేకుండా చలికాలంలో ఎవరూ తిరగరట. వంతులవారీగా తవ్వడం మొదలుపెట్టాం. చూడ్డానికి దూదిలా ఉంటుందా... పారకెత్తితే తడిసిన ఇసుకే! పది నిమిషాలకే నా చేతులు పడిపోయాయి. లోపల చెమట, బయట వేళ్ల కొసలు తెలియడం లేదు. ఒక్క కారు చుట్టూ తవ్వడానికే ఇంత పనా అనుకున్నాను. పార నిలబెట్టి, ఆ ఊపులోనే అడిగేశాను.

‘ఆ రోజు కూడా ఇలాగే ఉందా అన్నయ్యా?’

ఏ రోజని వాడు అడగలేదు.

‘ఇలాగుంటే వచ్చేసేవాణ్ని’ అన్నాడు.

తవ్వుతూనే చెప్పాడు. ఆ ఏడు బోస్టన్‌లో చలికాలం మొత్తం మీద 110.6 అంగుళాల మంచు పడింది. అంటే తొమ్మిదడుగుల పైమాట. అక్కడ లెక్కలు రాయడం మొదలయ్యాక అంత ఎప్పుడూ పడలేదు. అందులో 64.8 అంగుళాలు ఒక్క ఫిబ్రవరిలోనే. మా ఫోను వెళ్లేసరికి మంచు పడటం మొదలై అది రెండో రోజు. వాడి కారు అద్దాల పైదాకా మునిగి ఉంది. ఫిబ్రవరి 10న నగర రైళ్లే ఆపేశారు. తవ్వి తీసిన మంచు ఎక్కడ పోయాలో తెలియక ఖాళీ స్థలాల్లో గుట్టలు పోశారు. సీపోర్ట్ దగ్గర పోసిన గుట్ట ఎప్పటికి కరిగిందో తెలుసా... జులై 14కి! మన ఊళ్లో ఎనిమిదింటికి విడిపోయే మంచు అక్కడ ఆషాఢం దాకా ఉందన్నమాట.

‘ఆ రాత్రంతా ఇదే పని చేశాను. కారు తవ్వాను. తవ్వినంత మేరా మళ్లీ పూడిపోయింది. విమానాలు లేవని తెలుసు. ఊరికే కూర్చోలేక తవ్వాను’ అన్నాడు అన్నయ్య. ‘బాబాయి నాతో ఏమన్నాడో నీకు తెలీదు. నువ్వేమీ అనలేదు. దానికే భయమేసేది.’

నా దగ్గర జవాబు లేదు. చేతిలో పార ఉంది. తవ్వాను.

చక్రాల ముందు మంచంతా తీసినా కారు కదల్లేదు. కింద నున్నగా గడ్డకట్టి ఉంది. అప్పుడు అన్నయ్య కార్లో కాళ్ల కింద పరిచే పట్టలు లాగి, చక్రాల ముందు పరిచాడు. నాకు నవ్వొచ్చింది. మా పొలానికి వెళ్లే డొంకలో వానాకాలం బండి దిగబడితే నాన్న చేసే పని అదే. వరిగడ్డి తెచ్చి చక్రం కింద కుక్కి, ‘హెయ్’ అని అదిలించేవాడు. ‘డొంక లేని పొలం ఎంత మంచిదైతే ఏం లాభంరా’ అనేవాడు. నేను వెనక నుంచి నెట్టాను. అన్నయ్య మెల్లగా యాక్సిలరేటర్ నొక్కాడు. కారు పట్టల మీదికెక్కి, ఒక్క ఊపు ఊగి బయటపడింది.

‘హెయ్’ అన్నాం ఇద్దరం ఒకేసారి.

కాసేపటికి ప్లౌ తగిలించిన చిన్న ట్రక్కు వచ్చి ఆ స్థలమంతా పావుగంటలో శుభ్రం చేసి పోయింది. అప్పటిదాకా ఆగి ఉంటే ఈ అవస్థే లేదు. ఆగి ఉంటే ఆ మాటలూ లేవు!

మూసిన రోడ్డు మీద

కారు పెట్టి, గేటు పక్కనుంచి నడిచాం. అమ్మోనూసక్ నది మీది వంతెన దాటాం. నీళ్లు అంచుల వెంట గడ్డకట్టి, నడుమ నల్లగా పారుతున్నాయి. ఈ మూడున్నర మైళ్లూ వేసవిలో కారులో ఇట్టే దాటేసే దారి. ఇప్పుడు ఆ రోడ్డే నడక. బస దాకా పోయి రావాలంటే పన్నెండు మైళ్ల పైమాట. అక్కడ జనవరిలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు వాలిపోతుంది. రెండింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే అనుకున్నాం. తిరిగేశాం. జలపాతం చూడలేదు. చూడలేదన్న లోటు నాకు ఈరోజుకీ లేదు.

మీ పిల్లలు అటువైపు ఉంటే, ఈ నాలుగు ముక్కలూ వాళ్లకు చెప్పండి. చలికాలం నడకకు వెళ్లేముందు ఏ స్థలంలో మంచు తీస్తారో అటవీశాఖ కార్యాలయానికి ఫోన్ చేసి కనుక్కోవాలి. పింకమ్ నాచ్, లింకన్ వుడ్స్ లాంటి చోట్ల చలికాలంలోనూ కార్లు పెట్టుకోవచ్చు. కొత్త మంచు పడిన మర్నాడు పొద్దున్నే తొందరపడకూడదు. కారును బయటికి ముఖం పెట్టి నిలపాలి. రహదారి వారన అసలు పెట్టకూడదు. పార, కాస్త ఇసుక, దుప్పటి, సగానికి పైగా పెట్రోలు ఉండాలి. ఎక్కడికెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లాలి. సిగ్నల్ ఉండదు మరి!

ఈ సంక్రాంతికి తెనాలి వెళ్లాను. భోగి తెల్లవారుజామున మంట దగ్గర నిలబడ్డాం. ఎదురింటి గేటు కూడా కనపడనంత మంచు. బాబాయి శాలువా సర్దుకుంటూ ‘మంచు బాగా పడుతోందే’ అన్నాడు. ఆ మాటంటే చాలు, మా ఇంట్లో ఎవరో ఒకరు పాత సంగతి ఎత్తుతారు. ఆయన ఎత్తేలోపే నేను చెప్పడం మొదలుపెట్టాను. గేటు, పార, చక్రాల కింద పట్టలు, జులై దాకా కరగని గుట్ట... అన్నీ.

బాబాయి చాలాసేపు మంట వైపే చూశాడు.

‘జులై దాకానా?’ అన్నాడు చివరికి. ఆ తర్వాత నెమ్మదిగా అడిగాడు... ‘వాడికిప్పుడు అక్కడ టైమెంతయ్యిందే? ఒకసారి ఫోన్ కలుపు.’