ఖాళీ బండి లెక్క

కర్నూలు

మామా,

నీ ఉత్తరం అందింది.  

కడపలో కౌంటరు పెట్టి, రెండు కార్లు తీసి, నా కర్నూలు ట్రావెల్స్‌తో కలుపుదామని రాసినావు. దానికి నేను సై. "రెండు ఊర్లకూ ఒకటే రేటు బోర్డు రాయించు, రచ్చ ఉండదు" అని కూడా రాసినావు. నాకు పేచీ అంతా ఆ మాట దగ్గరే. రెండు ఊర్లలోనూ లెక్క కట్టే పద్ధతి ఒకటే ఉండాల, సరే. ఆ పద్ధతిలో తేలే అంకె మాత్రం ఊరిని బట్టి, దారిని బట్టి మారుతుంది. ఎట్లా మారుతుందో రాస్తాండా, ఓపికగా చదువు.

ముందు ఒక సంగతి. నువ్వు కువైట్‌లో ఉండి చూసేది వేరే వ్యాపారం. అక్కడ కస్టమరు లైసెన్సు చూపించి తాళం తీసుకొని పోతాడు. పెట్రోలు వాడిది, స్టీరింగు వాడిది. ఆఫీసు అమ్మేది రోజును. మనం ఇక్కడ అమ్మేది దారిని. డ్రైవరు మనవాడు, ఆయిలు మనది, బండి ఖాళీగా తిరిగొస్తే ఆ ఖర్చూ మనదే. ఇక్కడ కూడా తాళం చేతికిచ్చే పద్ధతి పెడదామని మనసులో ఉంటే ఇప్పుడే తీసెయ్. 1989 నాటి రెంట్ ఎ క్యాబ్ స్కీము ప్రకారం ఆ లైసెన్సు కావాలంటే కనీసం 50 కార్లు చూపించాల, వాటన్నిటికీ ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఉండాల. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండే బండ్లు అవే. రెండు కార్లోళ్ళం మనకెక్కడిది అది? వైట్ బోర్డు కార్లను చాటుగా బాడుగకు తిప్పేవాళ్ళు ప్రతి ఊర్లోనూ ఉంటారు. యాక్సిడెంటు అయిన రోజున ఇన్సూరెన్సోళ్ళు ముందు చూసేది ఆ ప్లేటునే. మనం ఎల్లో బోర్డే వేసుకుందాం, డ్రైవరును పెట్టుకుందాం.

ఇంక లెక్కకొస్తా. కర్నూలు నుంచి కడపకు నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా సుమారు 200 కిలోమీటర్లు. ఒక కస్టమరు కడపలో దిగిపోవాల, తిరిగి రాడు. కిలోమీటరుకు 13 రూపాయలనుకుందాం, లెక్క కోసమే. బండి ఎట్లాగూ వెనక్కి రావాల కాబట్టి రానుపోను 400 కిలోమీటర్లు కట్టి 5,200 అడుగుతాం. కస్టమరు మొహం మాడ్చుకుంటాడు. "పోయేది ఒకవైపే కదప్పా, రెండు వైపులా ఎందుకియ్యాల?" అంటాడు. ఆయన అడిగేది న్యాయమే. మనం అడిగేదీ న్యాయమే. ఇద్దరి మధ్యలో ఉండే ముల్లు ఆ ఖాళీ రిటర్న్.

కడపలో నీ కౌంటరు ఉంటే ఆ ముల్లు తీయొచ్చు. నా బండి మధ్యాహ్నానికి కడపకు చేరుతుందని పొద్దున్నే నీకు ఫోను చేస్తా. సాయంత్రంలోగా కర్నూలుకు వచ్చే పార్టీని నువ్వు పట్టుకుంటావు. అప్పుడు ఇద్దరి దగ్గరా 3,500 చొప్పున తీసుకుంటే మనకు 7,000 వస్తుంది. ఒక్కో కస్టమరుకు 1,700 మిగిలింది, బండికి 1,800 ఎక్కువ వచ్చింది. రెండు ఊర్లలో కౌంటర్లు కలపడంలో ఉండే లాభమంతా ఇదే మామా. బోర్డు మీద పేరు ఒకటైనందువల్ల వచ్చేది పెయింటరు బిల్లు మాత్రమే.

అయితే 3,500 అని బోర్డు మీద రాసిపెట్టినామంటే కొంప మునిగినట్టే. ఆ రేటు బండి ఆ ఊర్లో నిలబడి ఉన్న రోజుకే. రిటర్న్ దొరకని రోజు అదే రేటుకు పోతే చేతి నుంచి 1,700 పడుతుంది. అందుకే రిటర్న్ రేటు ఎవరికీ ముందు రోజే మాట ఇయ్యగూడదు. బండి బయలుదేరినాక, డ్రైవరు ఫోను చేసినాక, అప్పుడే ఆ రేటు తెరవాల. ఇంత టైముదాకా చూసి పార్టీ దొరక్కపోతే ఖాళీగా వచ్చెయ్యమని డ్రైవరుకు ముందే చెప్పాల. లేదంటే రాత్రి హాల్టు పడుతుంది, డ్రైవరు బాటా పెరుగుతుంది, మరుసటి రోజు కర్నూలులో ఉండే బుకింగు పోతుంది.

మీ కడప దారి ఇంకో రకం. కడప, రాజంపేట, రాయచోటి జనాలు గల్ఫ్‌కు పోయేది ఎక్కువగా చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ విమానాశ్రయాల నుంచి. ఆ డ్రాపింగు నువ్వు కూడా చూసినవే: పైన క్యారియరు మీద అట్టపెట్టెలు తాళ్ళతో బిగించి, వాటి మీద స్కెచ్ పెన్నుతో పేరూ ఫోను నంబరూ రాసి, లోపల పెళ్ళాం, పిల్లలు, బావమరిది, ఊరగాయ డబ్బా. పోయేవాడు ఒక్కడే, బండి మాత్రం నిండుగా పోయి దాదాపు నిండుగానే వస్తుంది. అక్కడ ఖాళీ రిటర్న్ అనే మాటే లేదు. రానుపోను కట్టమంటే ఎవరూ గొణగరు. మా కర్నూలులో హైదరాబాద్ డ్రాపింగుకు మొగుడూ పెళ్ళాం ఇద్దరెక్కుతారు, అక్కడే దిగిపోతారు. కిలోమీటర్లు ఒకటే అనుకున్నా రెండు బేరాలూ ఒకటి కావు. కడపలో నడిచే రేటును కర్నూలులో రుద్దితే నా కస్టమరు పారిపోతాడు, కర్నూలు రేటును కడపలో పెడితే నీ చేతికి రావలసింది రాదు.

విమానాశ్రయం రేటు వేరే పెట్టుకోవాల. మీ కడపది 2015 జూన్‌లో తెరిచినారు. మాది 2021 మార్చిలో ఓర్వకల్లు దగ్గర ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు మీద మొదలైంది. ఓర్వకల్లు కర్నూలుకు సుమారు ఇరవై కిలోమీటర్ల దూరం, దిగే విమానాలు కొన్నే. ఒక విమానానికి దింపిన బండికి ఎదురు సవారీ దొరికితే దొరికినట్టు, లేకుంటే ఖాళీనే. అమెరికాలోనూ అంతే. 1946లో వారెన్ ఎవిస్ అనే ఆయన అక్కడ డెట్రాయిట్ దగ్గర విల్లో రన్ విమానాశ్రయంలో బాడుగ కార్ల వ్యాపారం మొదలుపెట్టినాడు. ఆ దేశంలో ఈ రోజుకూ విమానాశ్రయం కౌంటరు రేటు వేరు, ఊర్లో కౌంటరు రేటు వేరు. ఒక ఊర్లో తీసుకున్న కారును ఇంకో ఊర్లో వదిలేస్తే డ్రాప్ చార్జీ వేరే. అంత పెద్ద కంపెనీలే ఒకటే రేటు పెట్టలేదు.

ఆయిలు ధర కూడా మన ఇద్దరికీ ఒకటి కాదు. మన రాష్ట్రంలో డీజిలు మీద 22.25 శాతం వ్యాట్, పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. కర్ణాటకలో డీజిలు మనకంటే చవక. మా బండి మంత్రాలయం పోతే మాధవరం దగ్గర తుంగభద్ర దాటి అవతల ట్యాంకు నింపుకొని వస్తుంది. నీ బండికి ఆ వీలు బెంగళూరు పోయినప్పుడే. టోలు సంగతి చెప్తా. 24 గంటల్లో తిరిగొస్తే రెండు వైపులకూ కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుంది, హాల్టు పడితే ఆ లాభం పోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన ఏడాది ఫాస్టాగ్ పాసు సొంత బండ్లకే, ఎల్లో బోర్డుకు ఇయ్యరు. ఈ సంగతి తెలియక మీ వాళ్ళెవరైనా "టోలు ఫ్రీ కదా" అంటే నమ్మొద్దు. టోలు, పార్కింగు, అలిపిరి దగ్గర కట్టేది, ఇవన్నీ కస్టమరువే అని రేటు చెప్పేటప్పుడే చెప్పాల. దిగేటప్పుడు చెప్తే కొట్లాటే.

గుడి ట్రిప్పులకు కిలోమీటరు రేటు సరిపోదు. ఔట్‌స్టేషనుకు రోజుకు 300 కిలోమీటర్లు మినిమం అనే లెక్క మన లైనులో ఉండేదే. కర్నూలు నుంచి మంత్రాలయం పోయి వస్తే సుమారు 200. తిరగని నూరు కిలోమీటర్లకు డబ్బులడిగితే భక్తుడు ఊరుకోడు. అందుకని మంత్రాలయానికి ఒక ప్యాకేజీ, మహానంది, యాగంటి, అహోబిలం కలిపి ఒక ప్యాకేజీ పెట్టుకున్నా. శ్రీశైలానిది మళ్ళీ వేరే. రాత్రి తొమ్మిది దాటితే దోర్నాల దగ్గర అడవి గేటు వేసేస్తారు, దర్శనం ఆలస్యమైతే బండి కొండ మీదనే ఉండిపోవాల. కాబట్టి శ్రీశైలం రేటులో రెండో రోజు బాటా ఎప్పుడు పడుతుందో ముందే రాసుండాల. నీ వైపు గండికోట, ఒంటిమిట్ట, తిరుమల ఉండాయి. వాటి ప్యాకేజీలు నువ్వే కట్టు, నేను వేలు పెట్టను. గండికోట చూసేవాడు కోట గోడ మీద సాయంత్రందాకా కూర్చుంటాడని నీకు తెలుసు, నాకేం తెలుసు?

సీజన్లు కూడా ఒకేసారి రావు, అదీ మనకు మంచిదే. శివరాత్రికి నా దగ్గర బండి దొరకదు. శ్రావణంలో రాఘవేంద్రస్వామి ఆరాధనకూ అంతే. రాష్ట్రం విడిపోయినాక 2015 నుంచి ఒంటిమిట్ట కల్యాణం ప్రభుత్వ లాంఛనాలతో జరుగుతాంది, అప్పుడు నీ దగ్గర గిరాకీ. కడప దర్గా ఉరుసుకు, ఉగాదికి దేవుని కడపకు కూడా నీ వైపే జనం. నాకు ఎక్కువైన రోజు నీ బండ్లు ఇటు రావాల, నీకు ఎక్కువైన రోజు నావి అటు రావాల. అట్లా వచ్చిన బండి ఏ ఊర్లో నిలబడిందో ఆ ఊరి రేటుకే పోవాల. ఆషాఢంలో, మూఢంలో ఇద్దరమూ ఈగలు తోలుకుంటాం. ఆ రోజుల్లో రేటు తగ్గించుకుందాం, కానీ ఎంతదాకా అనేది ఇప్పుడే రాసుకుందాం.

శివరాత్రికి రేటు పెంచుదామా అని నువ్వు అడగకముందే చెప్తాండా. యాప్‌లోళ్ళకు కేంద్రం 2020లో బేస్ రేటుకు ఒకటిన్నర రెట్లు హద్దు పెట్టింది. 2025 జూలైలో దాన్ని రెండు రెట్లకు పెంచింది, తగ్గిస్తే సగం కంటే కిందికి పోగూడదనింది. ఆ నిబంధన మనలాంటి చిన్న ట్రావెల్స్ కోసం రాసింది కాదు. అయినా మనం ఒకటిన్నర దాటొద్దు. మన కస్టమరు యాప్‌లో కనబడని మనిషి కాదు, రేపు పెళ్ళిలో ఎదురుపడతాడు.

ఇంక కొట్లాట ఎక్కడ మొదలవుతుందో చెప్తా. కస్టమరు రెండు కౌంటర్లకూ ఫోను చేస్తాడు. "కడపోడు ఇంతకే వస్తానన్నాడు" అని నాతో అంటాడు, నీతో కర్నూలు పేరు చెప్తాడు. ఇద్దరమూ తగ్గించుకుంటూ పోతే మధ్యలో బాగుపడేది వాడొక్కడే. అందుకని నాలుగు కట్టుబాట్లు పెట్టుకుందాం.

మొదటిది, రేటు షీటు ఒక్కటే ఉండాల, ఇద్దరి ఫోన్లలోనూ అదే తెరుచుకోవాల. మార్చే హక్కు మాత్రం ఒక్కరికే ఉండాల. ఎవరనేది నీ ఇష్టం, నువ్వైనా సరే. రెండోది, మార్చిన ప్రతిసారీ ఏ తేదీ నుంచి అనేది రాయాల. అంతకు ముందు అడ్వాన్సు తీసుకున్న బుకింగుకు పాత రేటే. మూడోది, కౌంటరులో కూర్చున్న పిల్లోడికి ఎంతవరకు తగ్గించే అధికారం ఉందో ముందే చెప్పాల. దాని పైన అయితే ఫోను చేసి అడగాల. నాలుగోది, ముందు ఫోను ఏ కౌంటరుకు వచ్చిందో బుకింగు ఆ కౌంటరుది, కమీషనూ ఆ కౌంటరుదే. బండి ఎవరిదైతే బాడుగ వాళ్ళది. ట్రిప్ షీటు మీద బయలుదేరిన రీడింగు, చేరిన రీడింగు, ఎవరి బుకింగు అనేది డ్రైవరు చేతిరాతతో ఉండాల. కస్టమరు సంతకం లేకుండా షీటు మూయొద్దు.

జీఎస్టీకి భయపడొద్దు. రెండు ఊర్లూ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉండాయి కాబట్టి నంబరు ఒకటే సరిపోతుంది, కడప కౌంటరును అదనపు వ్యాపార స్థలంగా చూపిస్తే చాలు. రేపు హైదరాబాద్‌లో కౌంటరు పెడదామంటే అది తెలంగాణ, అక్కడ వేరే నంబరు తీయాల. రేటు చెప్పేటప్పుడు 5 శాతం ట్యాక్సు కలిపి చెప్తాండామా, విడిగా చెప్తాండామా అనేది రెండు కౌంటర్లలోనూ ఒకటే ఉండాల. ఒకరు కలిపి, ఒకరు కలపకుండా చెప్తే ఒకటే బండికి రెండు రేట్లు ఉన్నట్టు కనబడుతుంది.

కార్లకు ఇప్పుడే అడ్వాన్సు కట్టొద్దు మామా. ముందు కడప నుంచి ఏ ఏ దారులకు జనం పోతారో, ఏ దారిలో బండి నిండుగా తిరిగొస్తుందో, ఏ దారిలో ఖాళీగా వస్తుందో మీ ఇంట్లోవాళ్ళను, తెలిసిన డ్రైవర్లను అడిగి ఒక కాగితం మీద రాసి పంపు. నా వైపు కాగితం నేను రాసి పెడతా. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎన్ని బండ్లు కావాలో, ఎంత రేటు పెట్టాలో అదే చెప్తుంది. ఆ కాగితం రాకుండా నేను బోర్డుకు పెయింటు కొనను.

ఇట్లు,
నీ అల్లుడు