కంకర

మంగినపూడికి రైలు లేదు. 1908లో బెజవాడ నుంచి మీటరు గేజి మీద వచ్చిన బండి బందరులో ఆగిపోయింది. తరువాత బ్రాడ్‌గేజి అయిందే గాని, సముద్రందాకా రాలేదు. ఆ లోటు తీర్చడానికి ఈ వేసవి సెలవుల్లో మా మనవడు నడుం కట్టాడు. పాత తలుపుచెక్క మీద బొమ్మరైలు పట్టాలు పరిచి, గుడివాడ నుంచి బందరు మీదుగా మా గుమ్మందాకా లైను లాగాడు.

పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. అసలు రైలులో 87వ వంతన్నమాట. అది పరాయి దేశాల గేజి లెక్క. మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజిని అలా కుదిస్తే 19 దాటుతుంది. మావాడికి ఆ పట్టింపు లేదు. సాయంత్రానికి బండి నడిచింది.

"ఇక కంకర పోద్దాంరా," అన్నాను.

"ఎందుకు తాతయ్యా? నడుస్తూనే ఉందిగా!"

మా నాన్నగారు గుడివాడ వైపు గ్యాంగ్‌మన్‌గా చేశారు. మన రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. దానిమీద బండి బరువును పంచేదీ, నీటిని దించేదీ, స్లీపర్లను కదలనివ్వనిదీ కంకరే. గుండ్రాయి జారిపోతుంది, కోణాలున్న రాయి ఒకదాన్నొకటి కరచుకుంటుంది. ఆ రాయి ఈ లంక భూముల్లో పుట్టదు, పైనుంచి రావలసిందే. బండ్ల అదురుకు సర్దుకుపోయిన కంకరను స్లీపర్ల కిందికి మళ్ళీ మళ్ళీ దట్టించడమే ఆయన ఉద్యోగం. కిటికీ పక్కన కూర్చున్న వాళ్ళలో ఆయన్ని గమనించినవారు ఎందరుంటారు?

ఇదంతా చెప్పాక మావాడు గిన్నెతో సముద్రపు ఇసుక తెచ్చాడు. అందులో ఉప్పు ఉంటుంది, మోటారుకు చేటు. పక్కింటి కట్టుబడికి వచ్చిన రాతిపొడి అడిగి తెచ్చి, ఇనుపరజను పోవడానికి అయస్కాంతం తిప్పాం. 65 మిల్లీమీటర్ల కంకర 87వ వంతుకు ముప్పాతిక మిల్లీమీటరు: బొంబాయి రవ్వంత! అందుకని రవ్వజల్లెడే వాడాం.

"ఏమండీ, ఆ జల్లెడ ఇక వంటింటి గడప తొక్కడానికి వీల్లేదు," అంది మా ఆవిడ.

చెంచాతో పోసి, కుంచెతో సర్ది, సబ్బుచుక్క కలిపిన నీళ్ళు చిలకరించాం. ఆ సబ్బే లేకపోతే జిగురు లోపలికి దిగదు. సగానికి సగం నీళ్ళు కలిపిన ఫెవికాల్‌ను కంటిమందు సీసాతో చుక్కచుక్కగా వేశాం. పట్టాలు మారేచోట మాత్రం ఒక్క చుక్క పడకూడదు. మూరెడు దూరానికి ఒక పూట పట్టింది.

"ముత్తాతయ్య ఫోటో ఉందా?" అన్నాడు నడుం సవరించుకుంటూ.

లేదు. ఒక్కటీ లేదు.

తెల్లవారి జిగురు ఆరిందేమోనని చూస్తే, గుడివాడ దగ్గర లైను పక్కన అగ్గిపుల్ల ఒకటి నిలబెట్టి ఉంది.

"బండి వస్తోందని పక్కకు తప్పుకున్నాడు," అన్నాడు మావాడు.