పొలిమేర దాటిన ఫీజు

డాలస్‌లో ఉన్న మా చెల్లి ఆన్‌లైన్లో అకౌంటింగ్ చదువుతానంటే ఫోన్లోనే ఇద్దరం కాలేజీలు వెతికాం. అక్కడ రాత్రి, నాకిక్కడ పొద్దున్న కాఫీ. చదివేది వంటింట్లో లాప్‌టాప్ ముందు పెట్టుకుని. అయినా చాలాచోట్ల పక్క రాష్ట్రం వాళ్లకి ఫీజు ఎక్కువ! హాస్టలా, బస్సా, మరి దేనికో.

అన్నీ అంతేననుకోకండి. నార్త్ డకోటాలోని మైనాట్ స్టేట్ యూనివర్సిటీలో ఆన్‌లైన్ కోర్సులకి ఏ రాష్ట్రం వాళ్లకైనా ఒకటే రేటు. వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీలో ఆరు నెలలకింత అని కట్టేస్తే, ఆలోపు ఎన్ని సబ్జెక్టులు పూర్తిచేస్తే అన్ని.

ఇంకోటి మరీ చవగ్గా కనిపించింది. అమెరికా విద్యాశాఖ సైట్లో అక్రెడిటేషన్ ఉన్న కాలేజీల జాబితా తెరిస్తే ఆ పేరే లేదు. రేపు ఆ క్రెడిట్లు వేరే కాలేజీ తీసుకోదే తల్లీ అంటే, "పోన్లే అన్నయ్యా, సర్టిఫికెట్ ఇస్తారుగా" అంటుంది!

మళ్లీ మొదటికొచ్చాం. నా కాఫీ చల్లారిపోయింది.