ధూల్‌పేట గాలిపటాలు

ఆ యేడు భోగికి ముందురోజు పనిమీద హైదరాబాదు వెళ్లిన మేము, మా సంఘంలో పెరిగి అక్కడ స్థిరపడిన ఒక సహోదరుని ఇంట దిగాము. "అయ్యగారూ, బాబుకు గాలిపటాలు కొనాలి, మీరూ రండి" అన్నాడు. స్కూటరు మీద ముందు బాబు నిలుచున్నాడు, వెనుక మేము కూర్చున్నాము. ముగ్గురం ఎక్కకూడదని తెలియక కాదు.

ధూల్‌పేట పురానాపూల్‌కు దగ్గరలోనే ఉన్నది. వినాయక విగ్రహాలకూ గాలిపటాలకూ పేరుపడిన చోటు. మన పల్లెలలో గాలిపటమంటే పాత పేపరు, చీపురు పుల్లలు, అన్నం మెతుకులు, చీర పేలికతో తోక. ఇక్కడి పటాలకు తోకే లేదు! తోక పటాన్ని నిలకడగా ఉంచుతుంది. పోటీ పటానికి ఆ నిలకడ పనికిరాదు, దారం కొంచెం లాగితే చాలు గిరుక్కున తిరగాలి. పలుచని కాగితం, నిలువుగా ఒక వెదురు బద్ద, అడ్డంగా విల్లులా వంచిన సన్నని బద్ద, అంతే. మధ్యన చంద్రుని అతికిస్తే చాంద్, గోచీ ఆకారం అతికిస్తే లంగోట్. అరుగు మీద ఒక పెద్దాయన బద్దను వ్రేలిమీద నిలిపి, బరువైన ప్రక్కను కత్తితో గీకుచున్నాడు. ఒక ప్రక్క బరువెక్కితే పటం అటే ఒరుగుతుంది మరి.

మాంజా పని చూడవలసినదే. గుంజలకు నూలు దారం చుట్టి, గంజిలో గాజుపొడీ రంగూ కలిపిన ముద్దను చేతితో పట్టిస్తూ అటూ ఇటూ నడుస్తారు. వ్రేళ్లకు గుడ్డ చుట్టుకొన్నా గాట్లు తప్పవు. ఇప్పుడు దీనికి పోటీగా చైనా మాంజా అనే నైలాను దారం వచ్చింది. అది లాగితే తెగదు, నేలలో కుళ్లదు, చెట్లకు వ్రేలాడుతూ పక్షుల రెక్కలు కోస్తుంది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా దానిని నిషేధించింది. అయినా చాటుమాటుగా అమ్ముతూనే ఉన్నారు.

తిరిగి వస్తుండగా దారికి అడ్డంగా ఏదో తళుక్కుమన్నది. సహోదరుడు బ్రేకు వేసి, ఎడమచేయి బాబు మెడకు అడ్డం పెట్టాడు. దారం అరచేతిలో దిగింది. నాలుగు కుట్లు పడ్డాయి. అది సరిగ్గా బాబు గొంతు ఎత్తున ఉన్నది. ఎవరి దారమో తెలియలేదు.

పటాలు పారవేస్తాడేమో అనుకొన్నాము. పండుగనాడు మిద్దె ఎక్కించి, నూలు దారమే కట్టి ఇచ్చాడు. కట్టుకట్టిన చేతితో తానే చరఖా పట్టుకొన్నాడు. "ఢీల్! ఢీల్!" అని అరిచాడు గాని, ప్రక్క మిద్దె వారు మా చాంద్‌ను కోసివేసి "అఫా!" అని కేకలు పెట్టారు. బాబు ముఖం చిన్నబోయింది.

సాయంత్రం మేము ముగ్గురం మిద్దె మీదా, వీధి వేపచెట్టు కొమ్మలలోనూ చిక్కుకొన్న దారమంతా కర్రతో దింపి చుట్టాము. ఎరువుల సంచి ఒకటి నిండింది.