బి.ఏ. తప్పు కాదు, అప్పు సంగతి చూడండి



జూన్ వచ్చిందంటే మన సంఘానికి విద్యాసహాయం దరఖాస్తులు వస్తాయి. వాటిని చూసే పని మా నలుగురిది. నలుగురమూ రైల్వేలో గుమాస్తాలుగా చేసి రిటైరైనవాళ్ళం. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు. ఏ కాగితం చేతికొచ్చినా ముందు అంకెలు చూడడం మాకు అలవాటు. ఈసారి వచ్చిన ఒక దరఖాస్తు గురించి గ్రూపులో చాలా మాటలు నడిచాయి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాం. ఓపిగ్గా చదవండి.

అయనావరంలో ఉండే మనవాళ్ళ అమ్మాయి ప్లస్ టూలో మంచి మార్కులు తెచ్చుకుంది. ఆరో తరగతి నుంచీ ప్రభుత్వ బడే. హిస్టరీ చదవాలని కోరిక. రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి నగరంలోనే ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ. రెండోది ఊరి బయట, హాస్టల్లో ఉండి చదివే ప్రైవేటు విశ్వవిద్యాలయం. స్కాలర్‌షిప్ పోగా అక్కడ మూడేళ్ళకు 10 లక్షలు కావాలి. వాళ్ళ నాన్న బ్యాంకు లోను తీసుకుంటానంటున్నారు. ఇంటి పత్రాలు పెట్టాలి, మనలో ఒకరు హామీ సంతకం చేయాలి.

గ్రూపులో సగం మంది "హిస్టరీకి 10 లక్షలా? ఇంజనీరింగ్‌లో చేర్చండి" అన్నారు. మిగతా సగం "పిల్ల ఆశను డబ్బుతో తూచకండి" అన్నారు. మాకు రెండూ సరిగా తోచలేదు. చదివే సబ్జెక్టు ఒక విషయం, దానికి చేసే అప్పు వేరే విషయం. రెండిటినీ కలిపి మాట్లాడితే లెక్క తేలదు.

ముందు అప్పు లెక్క. వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువు మూడేళ్ళు, ఆ తర్వాత ఒక ఏడాది బ్యాంకు ఆగుతుంది. కానీ వడ్డీ ఆగదు. ఏడాదికి కొంచెం కొంచెంగా డబ్బు తీసుకున్నా, కట్టడం మొదలయ్యే నాటికి 10 లక్షలు దాదాపు 13 లక్షలవుతుంది. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 17,200. మొత్తం కట్టేది 20 లక్షల పైమాటే. పదిహేనేళ్ళకు సాగదీస్తే నెలకు 14 వేలు, మొత్తం 25 లక్షలు.

ఇప్పుడు జీతం. మనవాళ్ళ పిల్లల్లో బి.ఏ. అయ్యి ప్రైవేటు ఉద్యోగాల్లో చేరినవాళ్ళను అడిగాం. మొదట్లో 18 వేల నుంచి 25 వేల దాకా చెప్పారు. 25 వేలే అనుకున్నా, కిస్తు పోతే చేతిలో ఎనిమిది వేలు కూడా మిగలదు. వడ్డీకి ఆదాయపు పన్నులో తగ్గింపు ఉంది కదా అని ఒకరన్నారు. ఆ జీతానికి పన్నే పడదు, ఇక తగ్గించేదేముంది? ఇంకొక సంగతి. 4.5 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు, చదివే కాలానికి కేంద్రం మొత్తం వడ్డీ భరించే పథకం టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సులకే. మామూలు బి.ఏ.కి అది రాదు.

అసలు చిక్కు ఇంకొకటుంది. బి.ఏ. ఆలస్యంగా కాపుకొచ్చే చెట్టు. ఆ తర్వాత ఎం.ఏ. ఉంటుంది, బి.ఎడ్. ఉంటుంది, లా ఉంటుంది, సర్వీసు పరీక్షలకు రెండు మూడేళ్ళ చదువు ఉంటుంది. ఈ చదువు విలువంతా ఆ ఆగగలిగే రెండు మూడేళ్ళలోనే ఉంది. కిస్తు మాత్రం ఏడాదిలో తలుపు తడుతుంది. అప్పుడు పిల్ల దొరికిన ఉద్యోగంలో కూర్చోవాల్సిందే. అంటే 10 లక్షలు పోసి కొన్న దారిని ఆ 10 లక్షలే మూసేస్తాయి.

అప్పు లేని బి.ఏ. సంగతి వేరు. మాకు తెలిసిన రైల్వేనే చూడండి. ఏడో వేతన సంఘం ప్రకారం ప్లస్ టూతో జూనియర్ క్లర్కుగా చేరితే మూలవేతనం 19,900. డిగ్రీతో సీనియర్ క్లర్కుకు 29,200, స్టేషన్ మాస్టర్‌కు 35,400. ఏ డిగ్రీ అయినా చాలు. ఏ కాలేజీ, ఎంత ఫీజు కట్టావు అని ఎవరూ అడగరు. లక్షల మంది రాసే పరీక్షే, సులభం అనడం లేదు. అయినా 10 లక్షల డిగ్రీ, ప్రభుత్వ కాలేజీ డిగ్రీ నిలబడేది ఒకే వరసలో.

ప్రభుత్వ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేదు. మిగతా ఫీజులు కొద్ది వేలు. సిటీ ఆర్డినరీ బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు. ప్రభుత్వ బడిలో చదివిన ఆడపిల్లలకు 2022 నుంచి పుదుమై పెణ్ పథకంలో నెలకు వెయ్యి రూపాయలు వస్తాయి, మూడేళ్ళకు 36 వేలు.

ఇదంతా చెబితే వాళ్ళ నాన్న ఒకటే అన్నారు. "అన్నా, హిస్టరీ కోసం కాదు. అక్కడైతే దానికి ఇంగ్లీషు వస్తుంది. నలుగురిలో లేచి మాట్లాడే ధైర్యం వస్తుంది." ఈ మాటకు మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. తమిళ మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషు ఫైలు ముందు కూర్చున్న మొదటి రోజులు మాకు గుర్తే. ఆ కాలేజీలో తరగతికి పిల్లలు తక్కువ, వ్యాసాలు రాయిస్తారు, దిద్దుతారు. ప్రభుత్వ కాలేజీలో అంత శ్రద్ధ అందరికీ దొరకదు. ఇది ఒప్పుకోవాల్సిందే.

కానీ ఆయన కొనదలచింది ఇంగ్లీషు, ధైర్యం అయితే వాటికి అంత వెల అక్కర్లేదు. ఉదయం షిఫ్టు దొరికితే మధ్యాహ్నానికి క్లాసులు అయిపోతాయి. ఎగ్మోర్‌లో 1896 నుంచి ఉన్న కన్నెమెరా లైబ్రరీ ఉంది, కోట్టూరుపురంలో అణ్ణా శతజయంతి లైబ్రరీ ఉంది. తిరుత్తణిలో తెలుగు ఇంట పుట్టిన రాధాకృష్ణన్ గారు క్రిస్టియన్ కాలేజీలో ఫిలాసఫీ తీసుకోవడానికి కారణం, అదే కాలేజీలో చదివిన ఒక బంధువు తన పాఠ్యపుస్తకాలు ఇచ్చేయడమేనని చెబుతారు. చేతికి అందిన పుస్తకంతోనే ఆయన ఆ సబ్జెక్టులోకి వెళ్ళారు.

కాబట్టి మా నలుగురి మాట ఇది. ఇంటి పత్రాల మీద తీసుకునే ఈ లోనుకు సంతకం చేయం. ప్రభుత్వ కాలేజీలో చేరితే పుస్తకాలకు, ఇంగ్లీషు క్లాసుకు మూడేళ్ళూ సంఘం నిధి నుంచి ఇద్దామని అడుగుతున్నాం. తర్వాత ఎం.ఏ.కి మంచి చోట సీటు వచ్చి అప్పు కావాల్సొస్తే మాలో ఒకరం సంతకం చేస్తాం. లేదు, ప్రైవేటుకే వెళతామంటే అది ఆ కుటుంబం ఇష్టం. అప్పుడు స్కాలర్‌షిప్ పెంచమని రాతపూర్వకంగా అడగండి, అప్పు మాత్రం మొదటి ఏడాది జీతం దాటనివ్వకండి. ఈ అమ్మాయి విషయంలో అది 3 లక్షలు. 4 లక్షల లోపు లోనుకు మామూలుగా ఇల్లూ అడగరు, బయటి హామీ కూడా అడగరు.

ఆ అమ్మాయి ఇంకా తేల్చుకోలేదు. మీ ఇళ్ళలో బి.ఏ. చదివి ఉద్యోగం చేస్తున్న పిల్లలుంటే ఒక్కసారి ఆమెతో మాట్లాడించండి. మొదటి జీతం ఎంత, ఐదేళ్ళకు ఎంతైంది, దాచకుండా చెప్పమనండి. ముసలివాళ్ళం మేము చెప్పే లెక్క కంటే ఆమెకు అదే ఎక్కువ పనికొస్తుంది.